బాల్యంలో గతించినవాడి కూతురు

తొమ్మిదేళ్ళ నుంచి దీన్ని లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. గుండెల మీద బండ అనను, అంత పెద్ద మాటలకు నేను తగను. తిన్నది అరగనట్టు ఉంటుంది, అంతే. మాత్ర వేసుకుంటే తగ్గదు. ఎవరితోనైనా చెప్పుకుందామంటే మావాళ్ళలో నేను పెద్దమనిషిని. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అందుకే మీకు చెప్తున్నాను. పేరు దాచుకుని రాయడం పిరికితనం కదా అంటారేమో. పిరికితనమే. రాస్తున్నదీ దాని గురించే.

ముందు మా క్లబ్ సంగతి చెప్పాలి. వర్జీనియాలో హెర్న్‌డన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళం కొంతమంది కలిసి వంశవృక్షాల క్లబ్ పెట్టుకున్నాం. నెలకో ఆదివారం ఎవరో ఒకరి బేస్‌మెంట్‌లో చేరడం, ఇడ్లీలు తినడం, మా ముత్తాత ఫలానా సంస్థానంలో దివాను అని ఒకరంటే, ఆ దివానుకి ముహూర్తాలు పెట్టింది మా ముత్తాతేనని ఇంకొకరనడం. ఇదే పని. అందరి ముత్తాతలూ గొప్పవాళ్ళే. ఒక్కడూ కూలికి పోలేదు, ఒక్కడూ తాగి కాలవలో పడలేదు. ఇంతమంది మహానుభావులకు పుట్టి మనం ఇలా ఎలా తగలడ్డామా అని నేను లోలోపల నవ్వుకునేవాణ్ణి. నవ్వుకునేవాణ్ణే గానీ, ఆ క్లబ్‌కి సెక్రటరీని నేనే. ఇడ్లీలు అందరికంటే రెండు ఎక్కువ తినేదీ నేనే.

మా క్లబ్‌లో అందరికీ తెలిసి ఎవరూ పైకి అనని పద్ధతి ఒకటుండేది. ఇంట్లో ఎవరైనా కులం దాటి పెళ్ళి చేసుకున్నారనుకోండి, వేరే మతం పుచ్చుకున్నారనుకోండి, వాళ్ళని చార్ట్‌లో ఏం చేయాలి? పేరు తీసేస్తే ఊళ్ళో తెలిసిన ముసలివాళ్ళు ఎవరో ఒకరు అడుగుతారు. ఉంచితే పక్కన పెళ్ళాం ఏ ఇంటి పిల్లో రాయాలి, కింద పిల్లల పేర్లు రాయాలి. అందుకని పేరు ఉంచి, దాని కింద చిన్న అక్షరాల్లో "బాల్యంలో గతించారు" అని రాసేవాళ్ళం. పీడా పోయింది. పసివాడు పోయాడంటే ఇంకేం అడుగుతారు? అయ్యో అని ఊరుకుంటారు. మా చార్టులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ రోజుల్లో మావాళ్ళ ఇళ్ళల్లో పిల్లలు బతికి బట్టకట్టడమే గగనమేమో అనిపిస్తుంది. ఒకసారి ఎవరో డాక్టరు గారు చూసి, "ఏదైనా ఎపిడమిక్ వచ్చిందా అండీ?" అని నిజంగానే అడిగారు. మా ప్రెసిడెంట్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఆ రోజులు అలాంటివి నాయనా" అన్నారు. ఆయన చార్ట్‌లోనే ముగ్గురున్నారు.

నా చార్ట్‌లో ఒక్కరే. మా తాతగారి అన్న, సుబ్బరామయ్య గారు. ఆయన సంగతి మా నాయనమ్మ నాకు చిన్నప్పుడే చెప్పింది. మిషన్ ఆస్పత్రిలో కాంపౌండరుగా చేరాడట. అక్కడ పనిచేసే మాలపల్లె నర్సును పెళ్ళాడి, ఆవిడ చర్చికే వెళ్ళాడట. వాళ్ళ నాన్న, అంటే మా ముత్తాత, ఊరందరి ముందూ కొడుకు బతికుండగానే ఏటికి వెళ్ళి నువ్వులు, నీళ్ళు వదిలేశాడట. అలా వదిలినప్పుడు సుబ్బరామయ్య గారికి ఇరవై ఆరేళ్ళు. నేను చార్ట్‌లో బాల్యంలో, తొమ్మిదో ఏట, గతించారు అని రాశాను. తొమ్మిదే ఎందుకు రాశానో నాకే తెలియదు. మరీ పురిట్లో పోయాడంటే పేరు కూడా పెట్టి ఉండరు కదా అనుకున్నానేమో. అబద్ధమైనా అతకాలి కదా! అంత జాగ్రత్త పడ్డాను.

ఇక ఆ శనివారం సంగతి. ఇక్కడి పబ్లిక్ టీవీ స్టేషన్ వాళ్ళు ఏడాదికి రెండుసార్లు విరాళాల కోసం ప్రోగ్రాంలు మధ్యలో ఆపి, మైకు పట్టుకుని, ఫోన్ చేయండి బాబూ ఫోన్ చేయండి అని బతిమాలుతారు. వెనకాల రెండు వరసల్లో వాలంటీర్లు ఫోన్ల ముందు కూర్చుని ఉంటారు. ఆ వారం వాళ్ళు పూర్వీకుల మీద ఏదో స్పెషల్ వేస్తున్నారు. అందుకని వంశవృక్షాల క్లబ్బుల వాళ్ళని వాలంటీర్లుగా పిలిచారు. మాతో పాటు ఇంకో క్లబ్, తెల్లవాళ్ళది. అంతా ముసలివాళ్ళు.

మావాళ్ళ హడావుడి చూడాలి! సేవ అన్నారు, గివింగ్ బ్యాక్ అన్నారు. అంతా ఒట్టిది. టీవీలో కనపడొచ్చని వెళ్ళాం. స్టేషన్ వాళ్ళు అందరికీ ఆకుపచ్చ టీషర్ట్ వేసుకోవాలంటే, ప్రెసిడెంట్ గారి భార్య కంచిపట్టు చీర మీద ఆ టీషర్ట్ తొడుక్కుని, నెక్లెస్ బయటికి తీసి సర్దుకుంది. కాల్స్ రాకపోయినా రిసీవర్ చెవి దగ్గర పెట్టుకుని నవ్వుతూ ఉండండి, కెమెరాకి బాగుంటుంది అని ఫ్లోర్ మేనేజర్ చెప్పాడు. మావాళ్ళకు అది చెప్పనక్కర్లేదు. మోగని ఫోన్లో తలలూపుతూ మాట్లాడారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

నా పక్క కుర్చీలో ఆ రెండో క్లబ్ ముసలావిడ కూర్చుంది. కాల్స్ మధ్యలో వాళ్ళ చార్ట్ ఫోటో ఫోన్లో చూపించింది. ఒక పేరు మీద వేలు పెట్టి, ఇతను మా ముత్తాత, గుర్రాల దొంగ, రెండుసార్లు జైలుకెళ్ళాడు అని మురిసిపోతూ చెప్పింది. జైలు రికార్డు కాపీ కూడా తెప్పించుకుందట. నేను ఇటు తిరిగి ప్రెసిడెంట్ గారికి తెలుగులో ఆ మాట చెప్తే ఇద్దరం పగలబడి నవ్వాం. సిగ్గు లేదు వీళ్ళకి అనుకున్నాం. ఇప్పుడనిపిస్తుంది, వాళ్ళు దొంగని ఇంట్లో ఉంచుకున్నారు, మేం పెళ్ళి చేసుకున్నవాణ్ణి చంపేశాం. ఎవరికి లేదు సిగ్గు?

ప్రోగ్రాం మధ్యలో మాకు రెండు నిమిషాలు ఇచ్చారు. చార్ట్ ఎవరిది చూపించాలి అని క్లబ్‌లో అంతకుముందు నెల రోజులు కొట్టుకున్నారు. నాదే చూపించారు, ఎందుకంటే నాది పదకొండు తరాలు. ఆరడుగుల బ్యానర్ మీద తెలుగులో, ఇంగ్లీషులో ప్రింట్ చేయించాను. యాంకర్ నోరు తెరిచి, పదకొండు తరాలు, ఒక్క లింక్ కూడా తెగకుండా, అంది. నేను ఏదో పెద్ద శాస్త్రజ్ఞుడిలాగా, మేం ఏదీ ప్రూఫ్ లేకుండా రాయమండీ అన్నాను. ఆ మాట అన్నది నేనే. కెమెరామన్ బ్యానర్ దగ్గరికి వెళ్ళి, ఒక్కో పేరు మీదుగా మెల్లగా కెమెరా జరిపాడు.

నేను వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. కుడివైపు ప్రెసిడెంట్ గారు, మూతి మీద పిజ్జా సాస్. పది నిమిషాలైందేమో, నా ఫోన్ మోగింది. అవతల ఒక పెద్దావిడ. ఇంగ్లీషులో విరాళం ఇస్తానని మొదలుపెట్టి, నా మాట విని తెలుగులోకి దిగిపోయింది. ఆవిడ పేరు మార్చి గ్రేసమ్మ గారు అని రాస్తాను. నర్సుగా వచ్చి నలభై ఏళ్ళు దాటిందట ఈ దేశంలో. రిటైరై కూతురింట్లో ఉంటోందట.

"ఇందాక టీవీలో చార్ట్ చూపించింది మీరేనా బాబూ?"

"నేనేనండీ."

"అందులో సుబ్బరామయ్య అని ఉంది. కింద డైడ్ ఇన్ చైల్డ్‌హుడ్ అని రాశారు. మా అమ్మాయి చేత టీవీ పాజ్ చేయించి చదివాను."

నేను విరాళం ఫారం ముందుకు లాక్కున్నాను.

"ఆయన మా నాన్న, బాబూ. చిన్నప్పుడే పోతే మరి నేనెక్కణ్ణుంచి ఊడిపడ్డాను?" అని నవ్వింది. నిజంగా నవ్వింది. కోపం లేదు. ఎవరో పొరపాటు చేశారు, చెప్తే దిద్దుకుంటారు అనే ధైర్యం ఆ నవ్వులో ఉంది.

"ఆ పేరుతో చాలామంది ఉంటారండీ."

"ఇంటిపేరు కూడా అదే కదా. ఆయన తమ్ముడు వెంకటప్పయ్య. అది కూడా మీ చార్ట్‌లో ఉంది. మా నాన్న చెప్పేవాడు, తమ్ముడికి ఈత నేర్పింది నేనే అని. ఆ వెంకటప్పయ్య గారు మీకేమవుతారు?"

"మా తాతగారు" అన్నాను. నోరు జారింది.

"ఓరి నాయనా! అయితే నేను నీకు మేనత్తనవుతాను కదరా!"

ఎంత సంతోషంగా అంది! మీరు నుంచి ఒక్క గెంతులో రా దగ్గరికి వచ్చేసింది. మా క్లబ్‌లో నెలల తరబడి కూర్చుని తేల్చే వరసలు ఆవిడ రెప్పపాటులో తేల్చేసింది. కరెక్టే. మా నాన్నకి పెదనాన్న కూతురు. నాకు మేనత్త.

పక్కన ప్రెసిడెంట్ గారు నా వైపు చూశారు. చూశారో లేదో కూడా గట్టిగా చెప్పలేను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకాన్ని. రిసీవర్ చెవికి గట్టిగా నొక్కి పట్టుకుని అన్నాను.

"కాదండీ. మా పెదతాతగారు తొమ్మిదో ఏటే పోయారు. మా దగ్గర రికార్డులున్నాయి. మీరు పొరబడ్డారు."

అటువైపు టీవీ వినిపిస్తోంది. అందులో మా యాంకర్ గొంతే.

"అలాగేనండీ" అంది. మళ్ళీ మీరు లోకి వెళ్ళిపోయింది. తొమ్మిదేళ్ళుగా నా చెవిలో ఉన్నది ఆ అండీ. తిట్టినా బాగుండేది. అంత మర్యాదగా, పరాయివాళ్ళ గుమ్మంలోంచి వెనక్కి తిరిగినట్టు అంది.

"ఒక్కటి చెప్పండి, చాలు" అంది మళ్ళీ. "వాళ్ళమ్మగారి పేరేమిటి? మీ చార్ట్‌లో ఆడవాళ్ళ పేర్లు రాయలేదు. మా నాన్న ఏనాడూ పేరు చెప్పలేదు. అమ్మ, అమ్మ అనేవాడు, కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. మేము అడిగేవాళ్ళం కాదు. ఇప్పుడు మనవలు అడుగుతున్నారు, నాకు తెలియదు. మా నాయనమ్మ కాదంటే పోనీలెండి. మీ చార్ట్‌లో సుబ్బరామయ్య గారి తల్లి పేరే చెప్పండి."

"రికార్డుల్లో లేదండీ" అన్నాను.

ఉంది. రికార్డుల్లో కాదు, నా నోట్లో ఉంది. మా అమ్మానాన్నలు పోయినప్పటి నుంచి ఏటా తద్దినానికి పంతులు గారు అడగ్గానే మూడు తరాల ఆడవాళ్ళ పేర్లు గడగడా చెప్తాను. అందులో మూడోది ఆవిడ పేరు. పేరే కాదు, ఇంకా చాలా తెలుసు నాకు. మొగుడు కొడుక్కి నీళ్ళు వదిలిన ఏడాది నుంచి ఆవిడ ప్రతి శ్రావణమాసంలో సున్నుండలు చేసి, డబ్బాలో పెట్టి, చాకలి మనిషి చేత ఆ ఆస్పత్రికి పంపేదట. మా నాయనమ్మ కళ్ళారా చూసింది. ఇదంతా చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? అర నిమిషం. డెబ్భై ఐదేళ్ళు దాటిన మనిషి, తనకి నాయనమ్మ ఒకత్తె ఉందని, ఆవిడ తన తండ్రిని వదిలేయలేదని తెలుసుకుని హాయిగా ఫోన్ పెట్టేసేది. నాకేం పోయేది? ఇప్పటికీ ఆలోచిస్తాను. ఉద్యోగం పోదు. పిల్లల పెళ్ళిళ్ళు అప్పటికే అయిపోయాయి, అది కూడా కులం చూసుకోకుండానే. మా కోడలు ఐరిష్ పిల్ల! దానికి రిసెప్షన్ చేస్తే ఈ క్లబ్‌వాళ్ళే వచ్చి మూడుసార్లు వడ్డించుకున్నారు. ఐరిష్ కోడలు గొప్ప, మాలపల్లె కోడలు తప్పు. చూశారా మా లెక్క? దొర పిల్లను ఇంట్లో పెట్టుకుని, మేనత్తను ఫోన్లోంచి గెంటేశాను. ఏదో భయపడ్డాను అని చెప్పుకుందామన్నా భయపడాల్సినంత పెద్దది ఏమీ లేదు. మరుసటి ఏడు నన్ను ప్రెసిడెంట్‌ని చేస్తారని అప్పట్లో ఒక మాట నడుస్తోంది. ఇడ్లీల క్లబ్‌కి ప్రెసిడెంట్. అంతే. దానికోసం.

ఆవిడ విరాళం మాత్రం మానలేదు. అడ్రస్ చెప్పింది. పేరు రాసుకోమంది. పెళ్ళయినా పుట్టింటి పేరు మధ్యలో ఉంచుకుందట. నా ఇంటిపేరు నాకే ఒక్కో అక్షరం విడమరిచి చెప్పింది. నేను మొదటిసారి వింటున్నవాడిలాగా ఫారం మీద రాసుకున్నాను. థ్యాంక్యూ అన్నాను. గాడ్ బ్లెస్ యూ అంది.

ఫోన్ పెట్టగానే ప్రెసిడెంట్ గారు అడిగారు, "ఎవరండీ, తెలుగువాళ్ళా?"

"ఎవరో పిచ్చిముండ" అన్నాను. "మన చార్ట్ చూసి నేనూ మీవాళ్ళమ్మాయినే అంటోంది."

ఆయన నవ్వారు. వెనక వరసలోవాళ్ళూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇది ఇప్పటిదాకా మా ఆవిడక్కూడా చెప్పలేదు. కాదన్నదానికి భయమో, కంగారో ఏదో ఒక సాకు దొరుకుతుంది. ఈ మాటకి ఏం సాకు? నన్నెవరూ బలవంతం చేయలేదు. ఎవరో అని ఊరుకుంటే సరిపోయేది. ఎందుకన్నాను? వాళ్ళు నవ్వుతారని. నవ్వితే నేను వాళ్ళలో ఒకణ్ణవుతానని. వాళ్ళంటే నాకు ఒక్క రవ్వ గౌరవం కూడా లేదు, చెప్పాను కదా. గౌరవం లేనివాళ్ళ నవ్వు కోసం అన్నాను.

ఫారం ఇచ్చేసే ముందు ఆవిడ నంబర్ పిజ్జా నాప్‌కిన్ మీద రాసుకున్నాను. ఆ రాత్రే చేద్దామనుకున్నాను. మర్నాడు అనుకున్నాను. ఆపైన దసరా తరవాత, సంవత్సరాది తరవాత. ఈలోగా ప్రెసిడెంట్‌నయ్యాను. చార్టులన్నీ కలిపి పుస్తకం వేయించాం, నా చార్ట్ మొదటి పేజీ. సుబ్బరామయ్య గారు అందులో కూడా తొమ్మిదో ఏటే పోయారు. దిద్దడానికి ప్రూఫులు నా చేతిలోనే ఉన్నాయి. రెండుసార్లు చూసి, కామా ఒకటి దిద్దాను.

రెండేళ్ళ తరవాత ఒక మధ్యాహ్నం, ఆఫీస్ పార్కింగ్ లాట్‌లో కారులో కూర్చుని ఫోన్ చేశాను. కూతురు ఎత్తింది. ఇక్కడ పుట్టిన పిల్ల గొంతు. నేను హలో అని, టీవీ స్టేషన్ నుంచి అన్నాను. మళ్ళీ అబద్ధం. విరాళం ఇచ్చినవాళ్ళకి స్టేషన్ పేరున్న గుడ్డ సంచీ ఒకటి పంపుతారు; మీ అమ్మగారికి మేం పంపిన టోట్ బ్యాగ్ అందిందా అని అడిగాను. అందింది, అమ్మ ఆదివారం చర్చికి అదే పట్టుకెళ్ళేది అంది. పట్టుకెళ్ళేది అంది. పోయిన ఏప్రిల్‌లో పోయిందట. సారీ ఫర్ యువర్ లాస్ అని, ఏ కంపెనీ వాడైనా అనే మాట అని, పెట్టేశాను. ఆ పిల్ల నాకు మేనత్త కూతురు. ఆ పిల్లకి చెప్పి ఉండొచ్చు కదా? అవును, ఉండొచ్చు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఇంకో ఏడేళ్ళు ఊరుకున్నాను.

ఇప్పుడెందుకు రాస్తున్నావు అంటారా? పోయిన నెల మా అమ్మ తద్దినం పెట్టాను. పంతులు గారు జూమ్‌లో చేయించారు. తల్లి పేరు అడిగారు, చెప్పాను. నాయనమ్మ పేరు అడిగారు, చెప్పాను. మూడో పేరు అడిగారు.  పేరు తెలుసు. నాలిక మీదే ఉంది. చేతిలో నువ్వులు తడిసి అంటుకుపోతున్నాయి, మాట రావడం లేదు. పంతులు గారు, "సార్, మీరు మ్యూట్‌లో ఉన్నట్టున్నారు" అన్నారు. మా ఆవిడ వచ్చి లాప్‌టాప్ చూసి, లేదండీ, ఆన్‌లోనే ఉంది అంది. చివరికి చెప్పాననుకోండి. ఏదో గొణిగాను. ఆయన కానిచ్చేశారు.

దీనితో నా తప్పు కొట్టుకుపోతుందని నేను అనుకోవడం లేదు. మీరు కూడా అనుకోకండి. అడిగిన మనిషి లేదు. చెప్పాల్సిన పిల్ల నంబర్ నా దగ్గర ఇంకా ఉంది, చేస్తానో లేదో తెలియదు. నా మీద నాకున్న నమ్మకం అంతంత మాత్రం. ఒకటి మాత్రం ఉంది. తొమ్మిదేళ్ళ తరవాత మొదటిసారి, ఇది రాస్తుంటే, ఊపిరి కొంచెం కిందిదాకా వెళ్తోంది. అందుకని ఆవిడ అడిగింది ఇక్కడ రాసేస్తాను, వినాల్సినవాళ్ళు లేకపోయినా.

మా తాతమ్మ పేరు రత్తమ్మ. ఆవిడకి ఇద్దరు కొడుకులు. ఇద్దరూ పెరిగి పెద్దవాళ్ళయ్యారు.